లిమూ బ్లాంకెట్ బ్రూట్: మోజాక్ ద్రాక్ష కోత ఎప్పుడు, సీసాలో ప్రెషర్ ఎంత?

#1 తులూజ్ తమ్ముడు

అందరికీ నమస్కారం. దక్షిణ ఫ్రాన్స్ లోని లిమూలో చేసే బుడగల వైన్ లిమూ బ్లాంకెట్ గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు. సందేహాలు మూడు.

ఒకే బ్లాంకెట్ పేరుతో ఒక బాటిల్ మీద ఆల్కహాల్ 12 శాతం అని, పక్కనే ఇంకోదాని మీద 6 శాతం అని ఉంటోంది, ఎందుకు? రెండోది, మోజాక్ తో చేసిన బ్రూట్ (దాదాపు తీపి లేని రకం) లలో కొన్నిటికి యాపిల్ తొక్క వాసన గుప్పున కొడుతుంది, కొన్ని ఉత్త నిమ్మనీళ్లలా ఉంటాయి. ద్రాక్ష ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడ వస్తోంది? ఇక మూడోది, ఈ పద్ధతిలో 20, 25 లీటర్లు చేయాలంటే కొలతలు ఏమిటి, ఎక్కడ చెడుతుంది?

#2 సోమెలియే శారద

మొదటిది తేలిక. అవి రెండు వేర్వేరు వైన్లు తమ్ముడూ.

"బ్లాంకెట్ ద లిమూ" అని మాత్రమే ఉండి కింద బ్రూట్ అని రాసి ఉంటే అది షాంపేన్ పద్ధతిలో చేసింది. ముందు మామూలు వైన్ పూర్తిగా పులుస్తుంది, తర్వాత చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో రెండోసారి పులియబెడతారు. మోజాక్ కనీసం 90 శాతం ఉండాలి, మిగతాది షార్డొనే, షెనిన్ ద్రాక్షలు. సీసా అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీద కనీసం 9 నెలలు ఉంచాలి.

"మెతోడ్ ఆన్సెస్ట్రాల్" (పూర్వీకుల పద్ధతి) అని ఉన్నది 100 శాతం మోజాక్. మొదటి పులియడమే సగంలో ఉండగా సీసాలో పోస్తారు, బయటి చక్కెర కలపరు. ఆల్కహాల్ 7 శాతం లోపే ఆగిపోతుంది కాబట్టి ద్రాక్షలోని చక్కెర చాలావరకు అలాగే మిగులుతుంది. తియ్యగా ఉంటుంది, ఒక్కోసారి కాస్త మసకగానూ ఉంటుంది. 1531లో సెయింట్ హిలేర్ మఠంలో పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథకు దగ్గరగా ఉండేది ఇదే, ఇప్పటి బ్రూట్ కాదు. డ్రై, అంటే తీపి లేనిది కావాలంటే దాని జోలికి పోవద్దు.

ఇక క్రెమాన్ ద లిమూ మూడో రకం, 1990లో వచ్చింది. అందులో షార్డొనే, షెనిన్ లదే పెత్తనం, మోజాక్ కొసరు. షాపుల్లో సాధారణంగా ధర దానికే ఎక్కువ, అందుకని అదే మేలురకం అనుకుంటారు. మోజాక్ రుచి కోసం కొనేవాళ్లకు మాత్రం అది దండగ.

#3 తీగపందిరి

రెండో ప్రశ్నకు జవాబు సెల్లార్ లో కాదు, తోటలో ఉంది. మోజాక్ చిగురేసేదే ఆలస్యంగా, పండేదీ ఆలస్యంగానే. లిమూలో షార్డొనే కోత ఆగస్టు చివర్లోనే మొదలవుతుంది, మోజాక్ వంతు దాని తర్వాతే. ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది కాబట్టి కలగలుపు తోటలో కూడా తేలిగ్గా పట్టేయొచ్చు.

దీని చిక్కు ఏమిటంటే పులుపూ వాసనా ఒకే రోజున చేతికి రావు. గింజలో చక్కెర 9.5 నుంచి 10 శాతం ఆల్కహాల్ కు సరిపడా చేరినప్పుడు పులుపు బాగానే ఉంటుంది, వాసన మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. యాపిల్ తొక్క, పియర్ వాసన కావాలంటే ఆగాలి. ఆగితే మాలిక్ యాసిడ్ (యాపిల్ లో ఉండే పులుపు) పడిపోతుంది, అందులోనూ రాత్రుళ్లు చల్లబడని ఏడాది మరీ వేగంగా. అంతలో చక్కెర 12 శాతానికి సరిపడా ఎక్కేస్తుంది. దానికి సీసాలో ఇంకో 1.4 కలిస్తే 13 దాటుతుంది. ఆ వైన్ గ్లాసులో బరువుగా, నీరసంగా ఉంటుంది.

పాతకాలంలో ఈ బెడద లేదు. బాగా ఆలస్యంగా కోసేవాళ్లు, చలికాలం వచ్చి పులియడం దానంతట అదే ఆగేది, వసంతంలో సీసాలో మళ్లీ మొదలయ్యేది. తీపి మిగిలేది కాబట్టి పులుపు తక్కువైనా అడిగేవాళ్లు లేరు. డ్రై చేయడం మొదలుపెట్టాకే కోత ముందుకు జరిగింది. మీకు నిమ్మనీళ్లలా అనిపించినవి ముందు కోసినవి.

కోత తేదీ పెట్టుకునేటప్పుడు చక్కెర కొలతను ఒక్కదాన్నే నమ్మొద్దు. చూడాల్సింది పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ): 3.0 నుంచి 3.15 మధ్య ఉండగా కోయాలి. 3.2 దాటితే నా లెక్కలో ఆ మడి స్పార్క్లింగ్ కు పనికిరాదు, మామూలు వైన్ కు పంపాలి. వరుసకు రెండు వైపులా, గుత్తి పైభాగం, కిందిభాగం, వెనకవైపు నుంచి గింజలు తీసి కనీసం 200 గింజల రసం కలిపి కొలవాలి. ఎండ తగిలే వైపు గింజలే కోస్తే పీహెచ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కోతకు అనవసరంగా తొందరపడతారు.

ఇంకో మాట. ఫ్రెంచ్ ల్యాబ్ రిపోర్టులో యాసిడిటీ సల్ఫ్యూరిక్ యాసిడ్ లెక్కలో ఉంటుంది. మన పుస్తకాల్లో, అమెరికా కిట్లలో టార్టారిక్ (ద్రాక్షలోని ఇంకో పులుపు) లెక్క. రిపోర్టులో 4.5 అని చూసి "అబ్బే, పులుపే లేదు" అనుకోకండి. 1.53తో గుణించండి, దాదాపు 6.9 వస్తుంది.

#4 నాసిక్ బ్యారెల్

> 3.2 దాటితే స్పార్క్లింగ్ కు పనికిరాదు

ఇక్కడ మాత్రం ఒప్పుకోను తీగపందిరి గారూ. టార్టారిక్ యాసిడ్ ఉన్నది ఎందుకు? వేడి ప్రాంతాల్లో అందరూ కలిపేదే. నాసిక్ లో స్పార్క్లింగ్ కు ఎక్కువగా వాడేది షెనిన్ బ్లాంక్. దాన్ని చలికాలంలోనే ముందుగా కోస్తారు, అయినా అవసరమైతే రసంలోనే సరిచేస్తారు. వాసన వచ్చేదాకా ఆగి పులుపు తర్వాత కలుపుకోవచ్చు కదా.

#5 తీగపందిరి

బ్యారెల్ గారూ, కలపొచ్చు, కానీ మోజాక్ విషయంలో మూడు అడ్డంకులు. పీహెచ్ దిగుతుంది గానీ ఎక్కిన చక్కెర దిగదు, ఆల్కహాల్ సమస్య అలాగే ఉంటుంది. రెండు, కలిపిన టార్టారిక్ లో కొంత పొటాషియంతో కలిసి చలికి స్ఫటికాలై అడుగుకు పోతుంది, కాబట్టి లీటరుకు 2 గ్రాములు వేస్తే 2 గ్రాముల పులుపూ నిలవదు. మూడు, ఉన్న మాలిక్ పోయి టార్టారిక్ ఒక్కటే మిగిలితే నాలుక అంచుల మీద గట్టిగా, విడిగా తగులుతుంది. బుడగలు ఆ గట్టిదనాన్ని ఇంకా పెంచుతాయి.

నిబంధన ఇచ్చిన 10 శాతాన్ని షెనిన్ తో నింపడం దీనికంటే నయం. షెనిన్ పండినా పులుపు వదలదు. మోజాక్ ను రెండు కోతలుగా కోసి, ముందు కోత మూడొంతులు, వెనక కోత ఒక వంతు కలిపేవాళ్లూ ఉన్నారు. ఖర్చు ఎక్కువే, కానీ ఒకే గ్లాసులో పులుపూ యాపిల్ తొక్కా రెండూ దొరికేది ఆ దారిలోనే.

#6 మడ్డిమీద తేట

తోట సంగతి అయింది కాబట్టి ప్రెస్ దగ్గర నుంచి చెబుతాను.

కోత చేత్తోనే, గుత్తులు చితకకుండా. కాడలతో సహా గుత్తులుగానే ప్రెస్ లో వేయాలి. కాడలు రసం కారడానికి దారులిస్తాయి, అందుకే తక్కువ ఒత్తిడితో పని అవుతుంది. క్రెమాన్ లెక్క ప్రకారం 150 కిలోల ద్రాక్షకు 100 లీటర్ల రసమే తీయాలి. ఆఖర్న వచ్చే రసాన్ని వేరే డ్రమ్ముకు మళ్లించండి. మోజాక్ తొక్కలో వగరు ఉంది, ఆఖరి రసంలో అది దిగుతుంది, పైగా పొటాషియం ఎక్కువై పీహెచ్ 0.1 నుంచి 0.2 పెరుగుతుంది. మామూలు వైన్ లో ఆ వగరు కనపడదు, గ్యాస్ ఎక్కాక గొంతులో పట్టేసినట్టు తెలుస్తుంది.

రసాన్ని 10 డిగ్రీల దగ్గర రాత్రంతా తేరనివ్వాలి. తేట మరీ అద్దంలా ఉంటే ఈస్ట్ కు తిండి చాలక గంధకం వాసన పెడుతుంది. 15 నుంచి 17 డిగ్రీల దగ్గర పూర్తిగా పులియనివ్వాలి, చక్కెర లీటరుకు 2 గ్రాముల లోపుకు రావాలి.

మాలోలాక్టిక్ (బ్యాక్టీరియా మాలిక్ ను మెత్తటి లాక్టిక్ యాసిడ్ గా మార్చడం) చేయాలా వద్దా అన్నది పెద్ద వాదన. మోజాక్ కు వద్దనే నా ఓటు, ఉన్న కాస్త మాలిక్ ను వదులుకోవడం దేనికి? అయితే ఆపాలనుకుంటే గట్టిగా ఆపాలి: చల్లగా ఉంచి, మడ్డి నుంచి వేరుచేసి, స్టెరైల్ ఫిల్టర్ పట్టి. సగంలో వదిలేస్తే సీసాలో మొదలవుతుంది. అప్పుడు పుట్టే బ్యాక్టీరియా మసక, మడ్డి దించడానికి సీసాను తలకిందులు చేసి ఎంత తిప్పినా మూతలోకి దిగదు.

తర్వాత చలి. 10.5 శాతం వైన్ ను మైనస్ 4 డిగ్రీల దగ్గర కనీసం వారం ఉంచి టార్టరేట్ స్ఫటికాలను రాలగొట్టాలి. ఇది ఎగ్గొట్టారంటే సీసా తెరిచిన రోజు తెలుస్తుంది. ఒక్కో స్ఫటికం దగ్గర వందల బుడగలు పుట్టి సగం వైన్ నేల మీద ఉంటుంది. ప్రోటీన్ మసక పోగొట్టడానికి బెంటోనైట్ (ఒక రకం మట్టి) వాడితే ముందు 100 మిల్లీలీటర్లలో పరీక్షించి కనీస మోతాదే వేయండి. ఎక్కువైతే నురగను నిలబెట్టే ప్రోటీన్ కూడా దాంతోపాటే పోతుంది.

#7 కార్బాయ్ కృష్ణ

మూడో ప్రశ్న నాకు వదిలేయండి. కాలిఫోర్నియా లెక్క చెబుతాను. ఇక్కడ జ్యూస్ అమ్మేవాళ్ల దగ్గర మోజాక్ అడిగి లాభం లేదు, షెనిన్ బ్లాంక్ తీసుకోండి. సీసా పని దేనికైనా ఒకటే.

23 లీటర్ల కార్బాయ్ (పులియబెట్టే పెద్ద సీసా) అనుకుందాం, అంటే సుమారు 30 సీసాలు.

చక్కెర లెక్క: లీటరుకు 4 గ్రాములు ఒక బార్ ప్రెషర్ ఇస్తుంది. వైనరీలు 24 గ్రాములు వేసి 6 బార్ తెస్తాయి. ఇంట్లో 20 గ్రాములు దాటొద్దు, 5 బార్ చాలు. 23 ఇంటూ 20, మొత్తం 460 గ్రాములు. అంతకుముందు వైన్ లో మిగిలిన చక్కెర కొలవాలి. హైడ్రోమీటర్ చాలదు, అందులో ఆల్కహాల్ వల్ల 5 గ్రాములు దాక్కున్నా కనపడదు. ల్యాబ్ కు పంపండి, లేదా రెసిడ్యువల్ షుగర్ టెస్ట్ కిట్ వాడండి. 5 మిగిలి ఉండగా 24 వేశారంటే 29 అవుతుంది, 7 బార్ దాటింది. అది కూడా 10 డిగ్రీల లెక్క. చల్లగా ఉన్నప్పుడు 6 చూపించే సీసా గది వేడిలో 8 దగ్గరకు పోతుంది.

ఈస్ట్: పొడి ఈస్ట్ ను నేరుగా వైన్ లో చల్లితే చస్తుంది. ఆల్కహాల్, పులుపు, చలి మూడూ ఒకేసారి మీద పడతాయి. ఈసీ 1118 ప్యాకెట్ 5 గ్రాములు, 37 డిగ్రీల నీళ్లు 50 మిల్లీలీటర్లు, 20 నిమిషాలు. తర్వాత 100 మిల్లీలీటర్ల వైన్, అంతే నీళ్లు, 10 గ్రాముల చక్కెర, చిటికెడు ఈస్ట్ న్యూట్రియంట్. బుడగలు బాగా వచ్చాక వైన్ రెట్టింపు చేసుకుంటూ రెండు మూడు రోజుల్లో ఒక లీటరుకు తేవాలి. ప్రతిసారీ కాస్త చక్కెర వేయండి. ఉధృతంగా పులుస్తున్నప్పుడే కార్బాయ్ లో కలపాలి, చల్లారిపోయాక కలిపితే శ్రమ వృథా.

సీసాలు: 750 మిల్లీలీటర్ల షాంపేన్ సీసా ఖాళీది 835 గ్రాముల చుట్టూ ఉంటుంది, అలాంటివే వాడాలి. మామూలు వైన్ సీసా పొరపాటున కూడా వద్దు, అది బాంబే. గీతలు పడ్డవి, అడుగున చెక్కు లేచినవి పక్కన పెట్టేయండి. మూతల దగ్గర చాలామంది బోల్తా పడతారు: అమెరికా సీసాలకు 26 మిల్లీమీటర్ల క్రౌన్ క్యాప్, యూరప్ సీసాలకు 29. తాగేసిన సీసాలు పోగేస్తే రెండూ కలిసిపోతాయి. 29 మూత 26 మూతి మీద కూర్చున్నట్టే ఉంటుంది, నెలలో గ్యాస్ అంతా పోతుంది.

నింపేటప్పుడు కార్బాయ్ ను కలుపుతూనే ఉండాలి. లేకపోతే మొదటి సీసాల్లో ఈస్ట్ ఉండదు, చివరి సీసాల్లో అడుగంతా ఈస్టే. మూతి నుంచి 3 సెంటీమీటర్లు వదిలి మూత వేసి, అడ్డంగా పడుకోబెట్టి, 16 డిగ్రీల దగ్గర రెండు నెలలు. ముట్టుకునే ప్రతిసారీ ముఖానికి షీల్డ్, చేతులకు మందపాటి గ్లవ్స్. ఇందులో మొహమాటం లేదు.

#8 వేదిక నిర్వాహకులు

ఒక గమనిక. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఇంటి వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం నేరం. పై కొలతలు అక్కడ ప్రయత్నించొద్దు.

#9 తులూజ్ తమ్ముడు

కృష్ణ అన్నా, చాలా థాంక్స్. ఇంకో రెండు అడుగుతాను. ఆరు వారాలైనా సీసా ప్రెషర్ గేజ్ 2 బార్ దగ్గరే ఆగిపోతే ఏం చేయాలి? మడ్డి మూతలోకి దిగకుండా గోడకు అంటుకుపోతే?

#10 మడ్డిమీద తేట

ఆగిపోతే ముందు థర్మామీటర్ చూడండి. 10 డిగ్రీల కింద ఉంటే అదే కారణం, 17కు తెచ్చి సీసాను పడుకోబెట్టి కదిపి మడ్డి లేపితే మళ్లీ అందుకుంటుంది. వేడి సరిగానే ఉంటే ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ (వైన్ చెడకుండా వేసేది) కొలవండి. సీసాలో పోసే నాటికి లీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, 25 ఉంటే ఈస్ట్ లేవదు. మూడో అనుమానం బేస్ వైన్ ఆల్కహాల్. 11 దాటితే కష్టం, 12 అయితే చాలావరకు ఆగుతుంది. మోజాక్ ను వాసన కోసం ఆలస్యంగా కోసినవాళ్లకు ఎదురయ్యేది ఇదే. మూతలు విప్పి మళ్లీ ఈస్ట్ వేయాలన్న ఆలోచన మానుకోండి. గ్యాస్ పోతుంది, గాలి తగులుతుంది, మోజాక్ గాలికి తొందరగా రంగు తిరుగుతుంది. తక్కువ బుడగల వైన్ గా తాగేయడమే మంచిది.

గోడకు అంటుకోవడానికి సాధారణ కారణం ప్రోటీన్ మిగిలి ఉండటం, లేదా సీసాలో పోసేటప్పుడు బెంటోనైట్ కలిసిన రిడ్లింగ్ ఏజెంట్ (మడ్డి అంటకుండా జారేలా చేసేది) వేయకపోవడం. ఇప్పుడు చేయగలిగింది ఒకటే: సీసాను గట్టిగా ఊపి మడ్డి మొత్తం లేపి, నెల రోజులు పడుకోబెట్టి, మళ్లీ మొదలు. తిప్పేటప్పుడు రోజుకు ఎనిమిదో వంతు, కోణం కొద్దికొద్దిగా పెంచుతూ తలకిందులు చేయాలి. చేత్తో మూడు నాలుగు వారాలు పడుతుంది. వైనరీల్లో 504 సీసాల జైరోప్యాలెట్ అనే యంత్రం ఆ పని వారంలో ముగిస్తుంది.

#11 కార్బాయ్ కృష్ణ

మూత తీసే పని కూడా రాసేస్తాను. సీసాలు తలకిందులుగానే ఫ్రిజ్ లో 4 డిగ్రీలకు రావాలి. చల్లగా లేని సీసా తెరిచారో, గోవిందా. మూడు వంతుల ఐసుకు ఒక వంతు ఉప్పు కలిపి అందులో మెడ 4 సెంటీమీటర్లు మునిగేలా 25 నిమిషాలు పెడితే మడ్డి గడ్డకడుతుంది. వైనరీల్లో మైనస్ 25 చుట్టూ ఉండే ద్రావణం ఉంటుంది కాబట్టి కొద్ది నిమిషాలే. సీసా నిలబెట్టి మూత లేపగానే గడ్డ ఎగిరిపోతుంది, వేలు అడ్డం పెట్టండి. 20, 30 మిల్లీలీటర్లు పోతుంది.

దోసాజ్ (చివర్లో వేసే తీపి సిరప్): 500 గ్రాముల చక్కెరను వైన్ లో కరిగించి ఒక లీటరు సిరప్ చేసుకోండి. 750 మిల్లీలీటర్ల సీసాలో 9 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 6 గ్రాములు వస్తుంది. సిరప్ కూడా ఐసులా చల్లగా ఉండాలి, సీసా గోడ వెంట నెమ్మదిగా జార్చాలి.

#12 సోమెలియే శారద

6 తక్కువ కృష్ణ గారూ. బ్రూట్ అంటే 12 లోపు, ఎక్స్‌ట్రా బ్రూట్ 6 వరకు. సన్నటి మోజాక్ కు 8, 9 గ్రాములు ఉంటేనే ఆ తొక్క వగరు సర్దుకుంటుంది. సున్నా దోసాజ్ ఫ్యాషన్ మోజాక్ మీద రుద్దడం నాకు నచ్చదు.

#13 తీగపందిరి

వెనక కోత కలిపిన వైన్ కు 5 చాలు శారద గారూ. 9 వేస్తే యాపిల్ తొక్క పోయి యాపిల్ జామ్ అవుతుంది. అదే వైన్ మూడు గ్లాసుల్లో పోసి 3, 6, 9 చొప్పున సిరప్ వేసి గంట తర్వాత రుచి చూసి నిర్ణయించుకోవాలి, పుస్తకం చూసి కాదు. మోజాక్ కు సున్నా అచ్చిరాదన్నారు గానీ, ఫ్రాన్స్ లోనే గయాక్ వైపు తాగి చూడండి. అక్కడ ప్లాజోల్ కుటుంబం మోజాక్ లో రకరకాలను కాపాడి, బయటి చక్కెర లేకుండానే బుడగల వైన్ చేస్తోంది.

#14 సోమెలియే శారద

అది వేరే పద్ధతి, ద్రాక్షలోని తీపి కొంత అందులోనే మిగులుతుంది. పోలిక కుదరదు. మూడు గ్లాసుల పరీక్షకు మాత్రం సై, అయితే నేను 12 గ్లాసు కూడా పెడతాను.

తమ్ముడికి వడ్డన గురించి: 7 డిగ్రీలు, తులిప్ గ్లాసు. సబ్బు జిడ్డు ఉంటే నురగ చచ్చిపోతుంది, వేడినీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి, గుడ్డ వదిలిన సన్న పోగుల దగ్గరే బుడగలు పుడతాయి. తెరిచేటప్పుడు వైరు ఆరు అరచుట్లు, కార్క్ గట్టిగా పట్టుకుని సీసాను తిప్పాలి. మిరపకాయ బజ్జీతో వద్దు, గ్యాస్ కారాన్ని రెచ్చగొడుతుంది. పునుగులు, జీడిపప్పు పకోడీ, కారం తగ్గించిన రొయ్యల వేపుడు బాగా కుదురుతాయి. కొన్న ఏడాది రెండేళ్లలో తాగేయండి, దాచితే పెరిగే రకం కాదు.

#15 తులూజ్ తమ్ముడు

హైదరాబాద్ కు తీసుకెళ్లొచ్చా అక్కా? షాపు కిటికీలో పెట్టిన తెల్ల గాజు సీసాలు చూడ్డానికి బాగున్నాయి.

#16 సోమెలియే శారద

డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లు, అంటే 750 సీసాలు రెండే. చెక్ ఇన్ లగేజీలో బట్టల మధ్య పెట్టండి. కిటికీలోవి మాత్రం కొనకండి. తెల్ల గాజులోంచి వెలుతురు తగిలితే మోజాక్ లాంటి సున్నితమైన వైన్ ఉడికిన క్యాబేజీ వాసన పెట్టడానికి కొన్ని గంటలు చాలు. షాపువాణ్ని వెనక గదిలోంచి, ముదురు ఆకుపచ్చ సీసాలో ఉన్నది తెమ్మని అడగండి.